పలక లేని జాకెట్లు

రంగూన్‌లోని తాకేటాలో, తెలుగువాళ్లుండే సందులో, సుధామణికి కుట్టు దుకాణం ఉంది. దుకాణమంటే ఇంటి ముందు గదే. కరెంటు మిషనొకటి, కాలితో తొక్కే మిషనొకటి. కరెంటు ఎప్పుడొస్తుందో, ఎంతసేపుంటుందో చెప్పలేని రోజులు వచ్చాక కాలి మిషనే గతి అయింది. ఏడాదిలో సగం బడిపిల్లల ఆకుపచ్చ లుంగీలు కుడుతుంది. మిగతా సగం ఏది వస్తే అది.

వానలు మొదలైన వారంలో ఒక ఉదయం దా తిన్ ఎయ్ వచ్చింది. నది అవతలి ట్వంటేలో కుండలు చేయించి పడవల మీద రంగూన్‌కి పంపే బర్మీస్ పెద్దావిడ ఆమె. గతంలో రెండుసార్లు దుప్పట్ల అంచులు కుట్టించుకుంది, అంతే పరిచయం. ఈసారి పెద్ద సంచిలోంచి చేతుల్లేని ఒక జాకెట్టు తీసి బల్ల మీద పెట్టింది.

"చేపలు పట్టేవాళ్లు పడవలో వేసుకునేది," అంది బర్మీస్‌లో. "ఇలాంటివి నలభై కావాలి. గుడ్డ నేనే తెచ్చాను."

గుడ్డ రెండు రంగులు. ఒకటి నారింజ, ఒకటి బురద రంగు. బయట నారింజ, లోపల బురద రంగు రావాలట. ఎటు తిప్పి వేసుకున్నా కుట్టు శుభ్రంగా ఉండాలట.

సుధామణి నమూనాను తిరగేసి చూసింది. పడవ జాకెట్లు ఆమె ఇదివరకు కుట్టింది. వాటికి చిన్నచిన్న అరలుంటాయి, అరల్లో తేలే స్పాంజి ముక్కలు పెడతారు. దీనికి ముందొక పెద్ద జేబు, వెనకొక పెద్ద జేబు, అంతే. జేబు అడుగున నాలుగు వరసల కుట్టు ఉంది. భుజాల దగ్గర పట్టీల మీద అడ్డంగా, నిలువుగా, మూలగా కుట్టి ఉంది. మెడ దగ్గర లేబుల్‌ని ఎవరో కత్తిరించేశారు, మూల ముక్క మాత్రం మిగిలింది.

"అక్కా, స్పాంజి నీళ్లలో పైకి లాగుతుంది కదా," అంది సుధామణి. "మరి బలమంతా అడుగున ఎందుకు పెట్టారు?"

దా తిన్ ఎయ్ ఖాళీ సంచి మడుచుకుంది. తర్వాత, "బరువు పెడతారనుకునే కుట్టు. తేలికైనది పెట్టినా నష్టం లేదు," అని గొడుగు తీసుకుని వెళ్లిపోయింది.

సాయంత్రం సుధామణి భర్త రాజబాబు రంగూన్ నడిబొడ్డున ఉన్న చౌక్తడా నుంచి బస్సులో వచ్చాడు. ఓడ సరుకుల కాగితాలు చూసే ఒక ఆఫీసులో గుమాస్తా. జాకెట్టును చేతిలోకి తీసుకుని, ఆ లేబుల్ ముక్కను కిటికీ వెలుగులో చూసి, లేచి వీధి తలుపు మూశాడు.

"ఇది సేపలోలది కాదు. యుద్దంలో ఏసుకునేది. ఈ జేబుల్లో పలకలు పెడతారు, ముందొకటి, ఎనకొకటి. తూటా తగిలితే ఆగుద్ది."

"ఏ యుద్దంలో?"

"ఇంకే యుద్దం. ఇక్కడిదే."

"మరి పలకలేవీ?"

"పలకలు రావు," అన్నాడు రాజబాబు. కుర్చీలో కూర్చుని, ఆఫీసులో కొత్తవాళ్లకు చెప్పినట్టు వేళ్లు మడిచి చెప్పడం మొదలుపెట్టాడు. "పలకున్న జాకెట్టు ఆయుదాల జాబితాలోకి పోద్ది. దానికి వేరే పర్మిటు కావాల. పలక తీసేస్తే ఉత్త బట్ట. బట్టకి ఎవులూ అడ్డు సెప్పరు. సైన్యం మీద తిరగబడి అడివిలో ఉన్నోలకి సాయం సేస్తామని అమెరికావోలు సట్టంలోనే రాసుకున్నారంట. అయితే సంపని సాయమే సేస్తారంట."

"పలక సంపుద్దేటి?"

"సంపదు."

"మరి దాన్నెందుకు ఆపినారు?"

రాజబాబు మడిచిన వేలు తెరిచాడు. "అదే నాకూ తెలీటం నేదు. ఉక్రెయినోలకి టాంకులిచ్చినారు, విమానాలిచ్చినారు. ఆలది రక్షణ యుద్దమన్నారు. అడివిలో ఉన్నోలూ తమది ప్రజల రక్షణ యుద్దమనే అంటన్నారు. మాట ఒకటే."

"మరి ఆలకిచ్చి ఈలకెందుకివ్వరు?"

"అక్కడ ఇంకో దేసం మీదకొచ్చింది. ఇక్కడ మన దేసం సైన్యమే. అందుకేమో." ఖాళీ జేబులో చెయ్యి పెట్టి చూశాడు. "కానీ సచ్చిపోయేవోడికి అందులో తేడా ఏటుంటాది. పక్కన సైనా ఉంది, అదీ కారణమేమో. ఆయుదాలిస్తే ఎవుల సేతిలోకి పోతాయోనని బయమేమో. నాను రోజూ ఫోన్లో సదువుతాను సుదా. సదివే కొద్దీ ముడి పడతాది గానీ ఇప్పుకోదు."

సుధామణి జాకెట్టును మడిచి బల్ల కింద పెట్టింది. "ఇవి అడివోలవేనని మీకెలా తెలుసు? సైన్యంవోలూ బయట కుట్టించుకోవచ్చు గదా."

అది రాజబాబుకి తట్టలేదు. "అవును," అన్నాడు. "తెలీదు."

గుడ్డ తిరిగి ఇచ్చేద్దామనుకుంది. కాని దా తిన్ ఎయ్ ఉండే చోటు ఆమెకు తెలియదు, ట్వంటే అని తప్ప. ఆమె ఇచ్చిన ఫోన్ నంబరు మోగినా ఎవరూ ఎత్తలేదు. గుడ్డ ఇంట్లో ఉంచుకోవడమూ భయమే, పారేయడమూ భయమే. మూడో రోజు కత్తెర తీసుకుని కోయడం మొదలుపెట్టింది. చేపలవాళ్లకేనని ఎవరడిగినా చెప్పాలనుకుంది. కొన్ని పూటలు తనకూ అలాగే చెప్పుకుంది.

పేచీ దారం దగ్గర వచ్చింది. అంత బరువు ఆపే లావు నైలాన్ దారం థాయిలాండు నుంచి రావాలి. సరిహద్దు దారి మూసేశారని బజారులో ఎవరి దగ్గరా లేదు. సుధామణి దగ్గర ఒకే ఒక్క పెద్ద కండె ఉంది. కొలిచి చూసుకుంటే నలభై జాకెట్ల అడుగు కుట్లకు, భుజాలకు సరిగ్గా సరిపోతుంది. పైకుట్లకు మామూలు దారం వాడింది.

ఇరవై దాకా పూర్తయ్యాక ఒక మధ్యాహ్నం సైన్యం పెట్టిన వార్డు పెద్ద వచ్చాడు. ఇంట్లో ఎవరెవరుంటున్నారో జాబితా చూసుకోవడానికి నెలకోసారి వస్తాడు. జాబితా చూశాడు, సంతకం పెట్టించుకున్నాడు. బల్ల మీద నారింజ రంగు దొంతర కనపడింది. పైదాన్ని తీసి, చేతులు లోపలికి దూర్చి, బురద రంగు పైకి వచ్చేలా తిరగేశాడు. చాలాసేపు అలాగే పట్టుకుని నిలబడ్డాడు. సుధామణి మిషను తొక్కడం ఆపింది.

"వరద సాయానికా?"

"చేపలవాళ్లకి."

"మంచిది. మా కాపలా దళానికి పన్నెండు కావాలి. ఈ రంగు ఒక్కటే చాలు. గుడ్డ పంపిస్తాను," అని జాకెట్టును మళ్లీ నారింజ వైపు తిప్పి, మడత పెట్టి, దొంతర మీద ఉంచి వెళ్లాడు.

ఆయనకు అర్థమైందా? అర్థమై వదిలేశాడా? లేక నిజంగానే జాకెట్టు నచ్చిందా? ఆ ముఖంలోంచి సుధామణికి ఏమీ తెలియలేదు.

"కుట్టాల. తప్పదు," అన్నాడు రాజబాబు ఆ సాయంత్రం. "అయితే నైలాన్ దారం ఆలకి వాడకు. మామూలు దారం ఎయ్యి. సూస్తే ఎవులికీ తెలీదు."

"బరువెడితే తెగిపోద్ది."

"తెగనీ."

గుడ్డ వచ్చింది. మర్నాడు మామూలు దారంతో రెండు కుట్టింది. చూడ్డానికి ఒకేలా ఉన్నాయి. కాని జేబు అడుగున బొటనవేలితో నొక్కితే దారం లోపల కదిలినట్టు ఆమెకు తెలుస్తోంది. ముప్పై ఏళ్లుగా కుడుతోంది. తెగుతుందని తెలిసి ఏదీ కుట్టలేదు.

మూడోది మిషను మీదుండగా దండాసి వచ్చాడు. నాలుగిళ్ల అవతల ఉండే మంగాయమ్మ కొడుకు, ఇరవై తొమ్మిదేళ్లు, బస్సులో టిక్కెట్లు కొట్టేవాడు. చేతిలో వార్డు ఆఫీసు చీటీ ఉంది.

"సుదక్కా, కొలతలిమ్మన్నారు," అన్నాడు. "సైన్యంలోకి ఎవుల్ని పంపాలో సీటీలేసి తీసినారు. నా పేరొచ్చింది. కాపలా దళమన్నారు. ఇక్కడ ఆరు నెల్లుంటే సైన్యంలోకి ఎల్లక్కర్లేదన్నారు. ఎల్లాలని కూడా ఒకడన్నాడు. ఏది నిజమో మరి."

"మీయమ్మకి తెలుసా?"

"ఏడుస్తాంది." చేతులెత్తి నిలబడ్డాడు. "సాతీ కాడ కాస్త ఎడల్పు సెయ్యక్కా. ఊపిరాడాల గదా."

సుధామణి టేపు పెట్టి కొలిచింది. ముప్పై ఆరు అంగుళాలు. చిన్నప్పుడు ఇతని బడి చొక్కాలు ఆమే కుట్టింది. దండాసి బల్ల మీదున్న రెండు జాకెట్లను చూసి, ఒకటి మెడలో వేసుకుని, "ఇందులో ఏటెడతారు?" అనడిగాడు.

"ఆలేం సెప్పనేదా?"

"ఏటీ సెప్పనేదు."

అతను వెళ్లాక మూడో జాకెట్టు అడుగు కుట్టు విప్పింది. కండె మార్చి నైలాన్ దారం ఎక్కించింది. దండాసి ఒక్కడిదే గట్టిగా కుడదామనుకుంది. సగం కుట్టాక ఆగింది. పన్నెండూ ఒకే రంగు, ఒకే తీరు. ఆఫీసులో ఎవరి చేతికి ఏది వస్తే వాళ్లు అది వేసుకుంటారు. పేరు రాస్తే ఎందుకు రాశావంటారు. మొదటి రెండూ కూడా తీసుకుని విప్పడం మొదలుపెట్టింది.

రాజబాబు ఇంటికొచ్చి బల్ల మీద తెగిన దారం పోగులు చూశాడు. "ఆ దారం ఆలకి సాలదు సుదా," అన్నాడు.

"ఆలంటే ఎవులు?"

"అడివోలు."

"ఆలు అడివోలేనని మీకే తెలీదన్నారు. దండాసి నాకు తెలుసు."

"దండాసి ఏసుకుని ఎవుల మీదకెల్తాడో అది కూడా ఆలోసించు."

"ఆలోసించినాను," అంది. "నాకు తెగటం నేదు. మీకు తెగితే సెప్పండి." రాజబాబు చొక్కా విప్పి కొయ్యకు తగిలించి, తెగిన పోగులు ఏరడం మొదలుపెట్టాడు.

నలభైలో చివరి పన్నెండుకీ నైలాన్ దారం మిగల్లేదు. మామూలు దారాన్నే మూడు పేటలు కలిపి, మైనం పట్టించి కుట్టింది. దా తిన్ ఎయ్ వచ్చిన రోజు వాటిని విడిగా కట్టి ఉంచింది.

"అక్కా, ఈ పన్నెండు గట్టివి కావు. దారం చాల్లేదు. వేరే చోట వాడాల్సి వచ్చింది," అంది.

ఎక్కడ వాడావని ఆవిడ అడగలేదు. కట్ట విప్పి ఒక జేబులో చెయ్యి పెట్టి లాగి చూసింది. "వీటిని బరువు మోయనివాళ్లకి ఇమ్మని చెబుతాను," అంది.

"బరువంటే ఏమిటక్కా? ఇప్పుడైనా చెప్పు."

దా తిన్ ఎయ్ స్టూలు మీద కూర్చుంది. అప్పటిదాకా సుధామణి ఆమెను కూర్చోగా చూడలేదు. "నాకూ తెలియదమ్మా. నమూనా మా అమ్మాయి పంపింది. పలకలు విదేశాల వాళ్లు ఇస్తారంది. తర్వాత వాళ్ల చట్టం ఒప్పుకోదంది. తర్వాత ఒక దేశం ఆలోచిస్తోందంది. జాకెట్లు సిద్ధంగా ఉంటే వెంటనే పెట్టుకోవచ్చు, ముందు కుట్టించు అంది. ఆ మాట చెప్పి రెండు నెలలైంది. ఆ తర్వాత ఫోన్ రాలేదు."

"ఇవ్వకపోతే?"

"లారీ స్ప్రింగు పట్టీలు కోసి పెట్టుకుంటున్నారట కొందరు. అవి తూటాను ఆపుతాయో, ముక్కలై ఒంట్లోకి వెళతాయో ఎవరూ చెప్పలేకపోతున్నారు."

రెండు సంచులూ కుండల బండిలో గడ్డి కింద పెట్టించుకుని ఆమె రేవుకు వెళ్లిపోయింది. ఆ తర్వాత సుధామణి ఆమెను మళ్లీ చూడలేదు. జాకెట్లు చేరాయో లేదో, ఎవరికి చేరాయో కూడా తెలియలేదు.

వార్డు జాకెట్లు మాత్రం రోజూ కళ్లబడుతూనే ఉన్నాయి. సందు మొదట్లో కాపలా కుర్రాళ్లు అవి వేసుకుని నిలబడేవారు. వాటికీ పలకలు రాలేదు. ముందు జేబులో అన్నం డబ్బాలు, కిళ్లీ పొట్లాలు పెట్టుకునేవారు. దండాసి మాత్రం ఖాళీగా వేసుకునేవాడు.

వానలు తగ్గుతున్న రోజుల్లో ఒక ఉదయం దండాసి కనపడలేదు. జాకెట్టుతో సహా వెళ్లిపోయాడు. థాయ్ సరిహద్దుకి పోయాడని కొందరు, అడవిలో కలిశాడని కొందరు, సైన్యమే లారీ ఎక్కించిందని కొందరు అన్నారు. వార్డు పెద్ద వచ్చి సుధామణిని రెండే ప్రశ్నలు అడిగాడు. నీతో ఏమైనా చెప్పాడా? లేదు. జాకెట్టుకి గుర్తేమైనా ఉందా? లేదు. అంతటితో పోయాడు.

నాలుగో రోజు పొద్దున మంగాయమ్మ వచ్చింది. రాజబాబు ఇంకా ఆఫీసుకు బయలుదేరలేదు. ఆమె గుమ్మంలోనే నిలబడి, "సుదామనీ, ఆడి జాకెట్టు బాగా కుట్టినావా?" అనడిగింది.

"గట్టిగానే కుట్టినాను పిన్నీ."

"తూటా తగిల్తే ఆగుద్దా?"

అవునని ఒక్క మాట అంటే ఆవిడ ఆ పూటైనా అన్నం తింటుందని సుధామణికి తెలుసు. కాని నోరు రాలేదు. "ఉత్త గుడ్డకి ఆగదు పిన్నీ. అందులో పలకెడితేనే."

"అదెవులిస్తారు?"

సుధామణి రాజబాబు వైపు చూసింది. రాజబాబు కుర్చీ జరిపి మంగాయమ్మను కూర్చోబెట్టాడు. తనకు తెలిసిందంతా చెప్పాడు. ఏ దేశం ఏమందో, ఏ చట్టంలో ఏముందో, ఉక్రెయిన్‌కి ఏం పంపారో, ఇక్కడికి మందులూ గుడారాలూ తప్ప ఎందుకు పంపనంటున్నారో. మంగాయమ్మ మధ్యలో అడ్డు రాకుండా విన్నది.

"అయితే ఇస్తారా, ఇవ్వరా?"

"తెలీదు పిన్నీ."

"మనోడు ఏ పక్కనున్నా ఇస్తారా?"

రాజబాబు ఫోన్ తీసి, మళ్లీ జేబులో పెట్టుకున్నాడు.

"ఆ దేసాల పేర్లు ఓ కాయితం మీద రాసియ్యి బావూ," అంది మంగాయమ్మ. "అమ్మవారి కాడ పెడతాను. పేర్లు తెలీకుండా ఏటని మొక్కను?"

రాజబాబుకి తెలుగు మాట్లాడటమే వచ్చు, రాయడం రాదు. ఆఫీసు కాగితం వెనక బర్మా అక్షరాల్లో రాయడం మొదలుపెట్టాడు. ఐదు పేర్లు రాశాడు. ఆరోదాని దగ్గర కలం ఆపి, అది ఆయుధాలు సైన్యానికిస్తుందో అడవివాళ్లకిస్తుందో గుర్తు తెచ్చుకోవడానికి ప్రయత్నించాడు. రాయనా వద్దా అని సుధామణిని అడిగాడు.

"రాసెయ్యండి," అంది సుధామణి.

మంగాయమ్మ కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి, బొడ్లో దోపుకుని, వర్షపు నీళ్లు తప్పించుకుంటూ సందులోకి దిగింది.