హామీ ఇవ్వని మనిషి

రాసిన వాక్యాన్ని దామోదర పణిక్కర్ మళ్ళీ కొట్టేశాడు. ఛ, ఇదీ ఒక వాక్యమేనా! రాసింది పైకి చదువుకోవడం ఆయనకు అలవాటు. చదివినప్పుడల్లా పక్కగదిలో ఆన్‌లైన్ క్లాసులో ఉన్న మనవరాలు తార "ఓపా, లైజె!" అని కసురుతోంది. తాతయ్య తన నవల తాను మెల్లగా చదువుకోవాలట. కిటికీ బయట బ్రెమెన్ వాన. మార్చిలో కూతురు సంయుక్తని చూసిపోదామని జర్మనీ వచ్చిన దంపతులు కరోనాకి విమానాలు ఆగి ఇరుక్కుపోయారు. ప్రత్యేక విమానాలు వేశాక, ఈ వయసులో ప్రయాణమేంటని కూతురు పంపలేదు. ఇప్పుడు నవంబరు. జ్వరం ఇంటిల్లిపాదికీ వచ్చి పోయింది. భార్య అలివేలుమంగని మాత్రం ఆసుపత్రికి లాక్కుపోయింది. చూడ్డానికి ఎవర్నీ రానివ్వరు.

ఆయన కేరళలో పుట్టి ఆంధ్రా కేడర్‌కి వచ్చిన అధికారి. కాకినాడలో సబ్ కలెక్టరుగా ఉన్నప్పుడు మంగని చేసుకున్నాడు. తెల్లవారుజామున మలయాళ నవలలు, పగలు ఫైళ్ళు. ఆమెకు మలయాళం చదవడం రాదు. ప్రతి అధ్యాయం ఆయనే తెలుగులో చెప్పేవాడు, ఆమె కూర తరుగుతూ వినేది. ఆ నవలల్లో పడవవాళ్ళు, పూజార్లు, ఆఖరికి దొంగలు కూడా ఎడాపెడా మాటలిచ్చేసేవాళ్ళు. ఆయన మాత్రం ఎవరికీ మాటిచ్చి ఎరగడు. తుఫానులో ఇల్లు పోయినవాళ్ళు కాళ్ళమీద పడినా "పరిశీలిస్తాం" అనేవాడు. చెయ్యగలడో లేదో తేలకుండా చేస్తాననడం మోసమని ఆయన నమ్మకం. ఆదివారం సినిమాకైనా "చూద్దాం" అనేవాడు. "మీతో కాపురమా, సెక్రటేరియట్‌లో అర్జీనా?" అని మంగ తిట్టిపోసేది.

మధ్యాహ్నం నర్సు వీడియో కాల్ కలిపింది. మంగ ముక్కులో గొట్టాలు, జుట్టంతా రేగిపోయింది.

"ఏమండీ, నన్ను ఇంటికి తీసుకెళ్తానని చెప్పండి."

"డాక్టర్లు ఏమంటారో చూద్దాం మంగా."

"వాళ్ళనెందుకు మధ్యలోకి తెస్తారు? మీరు చెప్పండి. భయంగా ఉందండీ."

ఆయన గొంతు సవరించుకున్నాడు. ఊపిరితిత్తులు ఎలా ఉన్నాయో తెలియదు. ఇంకెన్నాళ్ళో తెలియదు. ఏమీ తెలియకుండా ఎలా చెబుతాడు?

"పరిస్థితిని బట్టి..." అన్నాడు.

"నా ఖర్మ," అంది మంగ. కళ్ళు మూసుకుంది. ఫోన్ కట్టయింది.

సంయుక్త భగ్గుమంది. "తీసుకెళ్తానంటే మీ సొమ్మేం పోతుంది నాన్నా? రేపెవరైనా వచ్చి ఎంక్వయిరీ వేస్తారా?"

"తీసుకెళ్ళలేకపోతే?"

"అబ్బబ్బా!" అని ఆమె వంటింట్లోకి వెళ్ళిపోయింది.

ఎంత మాటన్నది! తండ్రిని అబద్ధమాడమంటుందా? కోపంగా కలం తీసుకున్నాడు. ఒక్క ముక్క రాయలేకపోయాడు. మంగ ఎప్పుడైనా భయంగా ఉందని అన్నదా? తుఫాను రోజుల్లో ఆయన ఊళ్ళమీద పడి తిరుగుతుంటే ఒక్కతే పసిపిల్లతో ఉండి, వచ్చాక వేడినీళ్ళు తోడిన మనిషి. ఆవిడ అడిగిన ఒకే ఒక్క మాటకి పరిస్థితిని బట్టి అంటాడా, వెధవాయి! తనని తానే తిట్టుకున్నాడు. లేచి వంటింటి గుమ్మంలో నిలబడ్డాడు.

"మళ్ళీ కలుపు. చెబుతాను."

సంయుక్త వార్డుకి ఫోన్ చేసింది. జర్మన్‌లో బతిమాలింది. పెట్టేసి నుదురు పట్టుకుంది. "రేపటికి టెర్మిన్ ఇచ్చారు నాన్నా."

పెళ్ళాంతో మాట్లాడ్డానికి అపాయింట్‌మెంటు! జీవితమంతా జనానికి అపాయింట్‌మెంట్లిచ్చిన మనిషి నోరు మూసుకుని గదిలోకి వెళ్ళాడు. పచార్లు చేస్తూ "తీసుకెళ్తాను" అని పైకి అన్నాడు. మీటింగులో మాట్లాడినట్టుంది. మళ్ళీ అన్నాడు. ఈసారి తార ఏమీ అనలేదు.

దీపాలు పెట్టే వేళకి హాల్లో ఫోన్ మోగింది. కూతురి కంటే ముందు ఆయనే అందుకున్నాడు.

"మంగా! తీసుకెళ్తాను. ఇంటికి తీసుకెళ్తాను నిన్ను. నా మాట. వింటున్నావా?"

అటునుంచి ఒక మగగొంతు, చాలా మెల్లగా, జర్మన్‌లో సంయుక్త ఉందా అని అడిగింది.

సంయుక్త ఫోన్ తీసుకుని విన్నది. "యా," అంది. మళ్ళీ "యా," అంది. అలాగే గోడకి ఆనుకుని జారి, చెప్పుల పక్కన నేలమీద కూర్చుండిపోయింది.

"రేపు కదా అన్నారు," అన్నాడు పణిక్కర్.

కూతురి తలకి పైన, కొక్కేనికి, మంగ చలికోటు వేలాడుతోంది. ఇక్కడి ఆడవాళ్ళ కొలతకి కుట్టిన ఆ పొడుగు చేతుల్ని ఆమె లోపలికి మడిచి పిన్నీసులు పెట్టుకుంది.