కంచరగాడిదల జవాను

మాజీ సైనికుల సన్మానానికి బడివాళ్లు తాతయ్యను ఎంచుకోవడానికి మనవరాలి నోరే కారణం. "మా తాతయ్య ఇరవై రెండేళ్లు మిలట్రీలో ఉన్నాడు" అంటూ ఐదో తరగతిలో ఆ పిల్ల కోసిన కోతలు హెడ్‌మిస్ట్రెస్ గారి చెవిన పడ్డాయి. వారం తిరక్కుండానే డ్రిల్లు మాస్టారు రెండు పేజీల ప్రసంగం రాసుకుని ఇంటికొచ్చారు. అందులో తాతయ్య ఒంటిచేత్తో ఒక కొండను కాపాడేశాడు.

తాతయ్య కళ్లద్దాలు పెట్టుకుని అంతా చదివాడు.

"బాగుంది మాస్టారూ. ఎవరీయన?"

"మీరేనండీ."

"నేను తుపాకీ పేల్చింది శిక్షణలోనే. ఆ తర్వాత నా పనంతా కంచరగాడిదలతో. వాటి మీద కొండపైకి సరుకులు చేరవేసేవాణ్ణి."

మాస్టారు గొంతు సవరించుకున్నారు. "స్టేజీ మీద గాడిద అన్న మాట వద్దండి. పిల్లలు నవ్వుతారు. ఇది చదివెయ్యండి, చాలు."

ఇంటికొచ్చిన మనిషి మాట కాదనలేక తాతయ్య సరేనన్నాడు.

సన్మానం రోజు పిల్లల్ని గంటన్నర ఎండలో నిలబెట్టి, షామియానా కింద నుంచి ముగ్గురు పెద్దలు త్యాగం గురించి మాట్లాడారు. తర్వాత తాతయ్య వంతు. "నా ఒంట్లోని ప్రతి రక్తపు బొట్టూ..." దాకా చదివి ఆగిపోయాడు. ముందు వరసలో మనవరాలు చెమటలు కారుతున్నా కళ్లార్పకుండా చూస్తోంది. కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు.

"ముందు అందరూ వచ్చి నీడలో కూర్చోండమ్మా."

ఆ బడిలో అంత తొందరగా ఏ ఆజ్ఞా అమలు కాలేదు.

"ఓసారి కొండమీద పద్నాలుగు మంది మంచులో చిక్కుకుపోయారు. తిండీ, మందులూ, ఇళ్ల నుంచి వచ్చిన ఉత్తరాలూ కంచరగాడిద మీద వేసుకుని బయల్దేరాను. సగం దారిలో అది జారి నడుం విరగ్గొట్టుకుంది. ప్రాణం పోయేదాకా దాని తల నా ఒళ్లోనే ఉంది. తర్వాత మూటలు నా వీపున కట్టుకుని రెండు విడతలుగా చేరవేశాను. పైన ఒకాయన రెండ్రోజులుగా పస్తున్నాడు. అయినా ముందు ఉత్తరమే అడిగాడు."

ఎవరూ నవ్వలేదు. వెనక నుంచి ఎవరో, "మీరెంతమందిని చంపారు?" అని అడిగారు.

"ఒక్కర్నీ చంపలేదు నాన్నా."

హెడ్‌మిస్ట్రెస్ గారు గబగబా మైకు లాక్కుని, శత్రువుల గుండెల్లో నిద్రపోయిన వీరుడంటూ జ్ఞాపిక చేతిలో పెట్టేశారు. దాని మీద అక్షరాలు ముందే చెక్కించారు మరి.

మర్నాటి నుంచి ఐదో తరగతికి బరువులు మోసే పిచ్చి పట్టుకుంది. కాలికి కట్టుతో వస్తున్న ఓ అమ్మాయి పుస్తకాల సంచీని రెండో అంతస్తుకి మోయడానికి వంతులు వేసుకున్నారు. వంతుల కోసం మెట్ల మీద తోసుకున్నారు. మూడో రోజున నోటీసు వెలిసింది: 'ఒకరి సంచీ మరొకరు మోయరాదు. అతిక్రమించినవారు శిక్షార్హులు.'

ఆ సాయంత్రం మనవరాలు తాతయ్యను నిలదీసింది. "సంచీలు మోయొద్దని నోటీసు పెట్టేశారు. అంతా నీ వల్లే."

"ఆజ్ఞంటే ఆజ్ఞేనమ్మా. ఇంతకీ ఏమని రాశారు?"

చెప్పింది. తాతయ్య ఇంకోసారి చెప్పించుకున్నాడు.

"సంచీ మోయొద్దన్నారు. పిల్ల మాట ఎత్తలేదుగా?"

దెబ్బతిన్నవాళ్లను మోయడానికి ఇద్దరు చేతులు ఎలా పెనవేసి కుర్చీ కడతారో ఆ రాత్రి భోజనాల ముందు మనవరాలికి నేర్పించాడు.

మర్నాడు ఇద్దరు పిల్లలు ఆ అమ్మాయిని చేతుల కుర్చీ మీద పైకి మోసుకెళ్లారు. ఆమె సంచీ ఆమె ఒళ్లోనే ఉంది. మెట్ల మీద ఎదురుపడ్డ డ్రిల్లు మాస్టారు నోటీసు వైపోసారి, వాళ్ల వైపోసారి చూసి, గోడకి అతుక్కుని దారిచ్చారు.