దొర చూపించిన చోటు

నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. వస్తే దాచుకోవడం చేతకాదు. అబద్ధం చెప్పడం అంతకన్నా చేతకాదు. ఒకరి ఇంటికెళ్లి టీ బాగుందని అనడానికి కూడా నా నాలుక తిరగదు. "నీతో ఎక్కడికైనా వెళ్లాలంటే ముందు నీ నోటికి తాళం వేయాలి" అని మా ఆయన ముప్పయ్యేళ్లుగా నవ్వుతూనే ఉన్నారు.

ఇంటి వెనక పెరడే నా ఉద్యోగం. టమాటా, వంగ, మిరప నారు పోస్తాను. గులాబీలకు అంట్లు కడతాను. వీధిలో ఎవరి కుండీలో మొక్క బతికినా అది నా చేతి మీదుగా వెళ్లిందే. మా ఆయన రక్షణ దళంలో చేసేవారు. కూలిన ఇళ్ల కింద ప్రాణాలతో చిక్కుకున్న మనుషుల్ని వాసన పట్టే కుక్క ఉంటుంది చూడండి, దాన్ని నడిపించే పని. మూడు నెలల కిందట ఆయనా ఆ కుక్కా ఒకే రోజు రిటైరై, ఒకే రిక్షాలో ఇంటికొచ్చారు.

ఆఫీసులో దానికో నంబరు ఉండేదట. అది మా గుమ్మంలో నిలబడి, పెద్ద ఆఫీసరు తనిఖీకి వచ్చినట్టు ఇల్లంతా ఓ చూపు చూసింది. "దొరగారు దయచేశారు" అన్నాను. ఆ పేరే ఉండిపోయింది.

మొదటి వారం బుద్ధిగానే ఉంది. రెండో వారం పొద్దున్నే లేచి చూద్దును కదా, మిరప మడి మధ్యలో బకెట్టు దిగేంత గొయ్యి! దొర దాని పక్కన నిటారుగా కూర్చుని మొరుగుతోంది. చేసిన ఘనకార్యం అందరికీ చూపించుకోవాలి కాబోలు. మా ఆయన వచ్చారు, చూశారు, మొహం పక్కకి తిప్పుకున్నారు. పార తెచ్చి గొయ్యి పూడ్చేశారు. దాన్ని ఒక్క మాట అనలేదు.

ఇక రోజూ అదే తంతు. నా తలప్రాణం తోకకొచ్చింది. సలహాలకు కొదవా? పక్కింటి టైలరమ్మ నిమ్మ తొక్కలు చల్లమంది. నిమ్మ తొక్కలు పక్కకి నెట్టి మరీ తవ్వింది. ఇనప సామాన్ల కొట్టాయన మట్టి కింద కోళ్ల జాలీ పరవమన్నాడు. జాలీ లేని చోటు వెతుక్కుంది. ఎవరో చెప్పారని దాని పెంటే తీసి గోతిలో వేసి పూడ్చాను. బారెడు అవతల ఇంకోటి మొదలెట్టింది. పశువుల డాక్టరు మాత్రం తీరిగ్గా విని, "తవ్వనివ్వండమ్మా, కాకపోతే ఒక్క చోటే. ఓ మూల ఇసక పోసి, అందులో దానికిష్టమైనవి పాతిపెట్టండి. రెండు పూటలా అలిసిపోయేలా నడిపించండి" అన్నాడు. అదీ చేశాను. ఇసకలో ఎముకలు పాతాను. దొర వచ్చి, ఎముకలు తీసుకుని, శుభ్రంగా నమిలి, మూతి నాక్కుని, నేరుగా నా టమాటా మడిలోకి వెళ్లింది.

ఆ రోజు ఒళ్లు మండి కారం డబ్బా పట్టుకొచ్చాను. మా ఆయన పరిగెత్తుకొచ్చి నా చేతిలోంచి లాగేసుకున్నారు.

"వాడి ముక్కే! మతి ఉండే చేస్తున్నావా?" అని అరిచారు.

పెళ్లయ్యాక ఆయన నా మీద గొంతు లేపడం అదే మొదలు. ఆయనకి అది "వాడు". నాకు మాత్రం అది "అది"యే.

పోయిన బుధవారం గులాబీ అంట్లు, కళ్లల్లో వత్తులు వేసుకుని కాపాడుకున్నవి, వరసకి వరస పెళ్లగించేసింది. మట్టిలో చతికిలబడి ఏడ్చేశాను.

"ఈ ఇంట్లో నా మొక్కలైనా ఉండాలి, మీ కుక్కైనా ఉండాలి. తేల్చండి!"

ఆయన పోట్లాడతారనుకున్నాను. బతిమాలతారనుకున్నాను. "సరే, పంపించేద్దాం" అన్నారు, అంతే. లోపలికెళ్లి, తమ రక్షణ వ్యాను నడిపే డ్రైవరుకి ఫోన్ చేశారు. అతను దొరని తనింట్లో ఉంచుకుంటానని ఎప్పట్నుంచో అంటున్నాడట. ఆదివారం వచ్చి తీసుకెళ్తానన్నాడు.

గెలిచింది నేనే. కానీ నాకు భయం పట్టుకుంది. రిటైరైనప్పట్నుంచీ మనిషి సగమైపోయారు. కంచం ముందు కూర్చుని అన్నం కెలికి లేచిపోతారు. పిలిస్తే రెండో పిలుపుకి గానీ పలకరు. రోజంతా ఆయన చేసే పని ఏదైనా ఉందంటే ఆ గోతులు పూడ్చడమే. కుక్క కూడా పోతే ఈయన ఏమైపోతారు? అన్న మాట వెనక్కి తీసుకుందామంటే నా అహం అడ్డొచ్చింది.

ఆదివారం మూడింటికి డ్రైవరు కొత్త గొలుసు పట్టుకుని వచ్చాడు. పెరట్లో కుర్చీ వేసి టీ ఇచ్చాను. దొర డాబా మెట్ల కింద తవ్వుతోంది. ఇప్పటిదాకా తవ్విన వాటన్నిటికీ ఇది తాత. తవ్వి, పక్కన కూర్చుని, మా ఆయన వైపు చూస్తూ మొరిగింది. డ్రైవరు గ్లాసు కింద పెట్టేశాడు.

"అన్నా, వాడికి బంతి ఇవ్వవేం?"

మా ఆయన ఇంట్లోకి వెళ్లిపోయారు.

"బంతేంటి మరిదీ?" అన్నాను.

"అదేంటి వదినా, నీకు తెలీదా? మనిషి ఉన్నచోట వాడు తవ్వుతాడు, కూర్చుంటాడు, మొరుగుతాడు. అన్న వెళ్లి బంతి ఇస్తాడు. అదే వాడి జీతం. ఇప్పుడు చేస్తున్నదీ అదేగా!"

"ఇక్కడ మనుషులెక్కడున్నారు, నా వంగ మొక్కలు తప్ప?"

అతను గొలుసుని చేతికి చుట్టుకున్నాడు. "ఆఖరి డ్యూటీ సంగతి అన్న నీకు చెప్పలేదన్నమాట."

చెప్పాడు. నాలుగంతస్తుల బట్టల కార్ఖానా కూలిందట. దొర మెట్ల దగ్గర ఒక చోటు చూపించిందట. మా ఆయన చెయ్యెత్తి అందర్నీ పిలిచేలోపే మిగిలిన గోడ ఒరగడం మొదలెట్టింది. ఇంజినీరు విజిల్ వేసి అందర్నీ బయటికి రమ్మన్నాడు. దొర కదలనంది. మా ఆయన దాన్ని మెడపట్టీ పట్టుకుని ఈడ్చుకొచ్చారు. గోడకి ఊతాలు పెట్టి మళ్లీ లోపలికి వెళ్లేసరికి మర్నాడు మధ్యాహ్నం. దొర చూపించిన చోటే తవ్వితే ఒకావిడ దొరికింది. తెల్లవారుజాము దాకా ప్రాణం ఉందన్నాడట డాక్టరు.

"ప్రాణంతో ఎవరూ దొరకని రోజున మాలోనే ఒకడు రాళ్ల చాటున దాక్కుంటాడు వదినా. వాడు పట్టుకుంటాడు, బంతి తీసుకుంటాడు, సంతోషంగా వ్యానెక్కుతాడు. లేకపోతే కుక్కకి మనసు విరిగిపోతుంది. ఆ రోజు ఎవరికీ గుర్తు లేదు. అన్న బంతి జేబులో పెట్టుకుని వచ్చి వ్యాన్లో కూర్చున్నాడు. దారంతా వాడు ఆ జేబు వైపే చూస్తూ ఉన్నాడు."

నేను లోపలికి వెళ్లాను. మా ఆయన మంచం అంచున కూర్చుని ఉన్నారు. చేతిలో నారింజ రంగు రబ్బరు బంతి. నా నోటికి ముందు తిట్లే వచ్చాయి.

"మూడు నెలలుగా తెలిసుండీ నా చేత నిమ్మ తొక్కలు చల్లించారా? ఆ బంతేదో దాని మొహాన పడేస్తే పోయేదిగా!"

"మనిషి లేకుండా ఇవ్వకూడదే. ఇస్తే అబద్ధం నేర్పినట్టు. వాడు నిజమే చెప్పాడు, నేనే..." అని ఆగిపోయారు. మెడ కిందికి వాలిపోయింది.

"అయితే మనిషి ఉండాలి, అంతేగా? లేవండి. నేనుంటాను."

"నీకేమైనా పిచ్చా?"

"ఇప్పుడు పట్టింది కాదుగా. పదండి!"

డ్రైవరు దొరని వీధి చివరి దాకా తీసుకెళ్లాడు. మా ఆయన మెట్ల కింద గొయ్యిని పారతో మనిషి పట్టేంత లోతుగా, వెడల్పుగా చేశారు. నేను మోకాళ్లు గడ్డానికి ఆనించుకుని అందులో కూర్చున్నాను. పైన పాత స్నానాల గది తలుపు, దాని మీద గోనె సంచులు, పల్చగా మట్టి. గాలికి ఓ పక్క జానెడు సందు.

"తలుపు తీసేదాకా కిక్కురుమనకు" అన్నారు.

"నేనా?" అన్నాను. ఆయన నవ్వలేదు.

లోపల చీకటి. తడి మట్టి వాసన నాకు కొత్త కాదు, రోజూ పీల్చేదే. కానీ అది నెత్తి మీది నుంచి రావడం ఎప్పుడూ లేదు. కాసేపటికి గేటు చప్పుడైంది. పరుగు వినిపించింది. సందులోంచి బుస్సు బుస్సుమని ముక్కు. ఆ తర్వాత తలుపు మీద గోళ్లు. మట్టి నా నెత్తిన, చెవుల్లో రాలింది. దొర మొరిగింది.

ఎంత సంతోషం వేసిందంటే, నేనాడుతున్నది నాటకమని కూడా మర్చిపోయాను. దొరికాను, ఇక వచ్చేస్తారు అనుకున్నాను.

ఎవరూ రాలేదు.

దొర మళ్లీ మొరిగింది. "వెళ్లన్నా" అని డ్రైవరు గొంతు. అడుగుల చప్పుడు లేదు. నా పెరడే, నా ఇంటి పాత తలుపే, నా మొగుడు గేటు దగ్గరే ఉన్నాడు. అన్నీ తెలుసు. అయినా ఒళ్లంతా చెమటలు పట్టేశాయి. అప్పుడు దొర నన్ను వదిలి ఆయన దగ్గరికి పరిగెత్తింది. మొరుగుడు దూరమైంది. ఇంకా దూరమైంది.

ఆవిడకీ ఇలాగే వినిపించి ఉంటుంది. వచ్చారు, దొరికాను అనుకుని ఉంటుంది. ఆ తర్వాత అది దూరమవుతుంటే వింటూ ఉండిపోయి ఉంటుంది, తెల్లవారుజాము దాకా. నేను అరవకుండా పిడికిలి నోట్లో కుక్కుకున్నాను.

ఉన్నట్టుండి అడుగులు. తలుపు ఎగిరి అవతల పడింది. వెలుగులో ఆయన మొహం. అడ్డం ఏమీ లేకపోయినా రెండు చేతుల్తో నా చుట్టూ మట్టి తవ్వేస్తున్నారు. గోళ్లల్లోంచి రక్తం. "వచ్చేశాను, వచ్చేశాను" అంటూనే ఉన్నారు. నన్ను రెక్కలు పట్టి పైకి లాగేసరికి జేబులోంచి బంతి జారింది. దొర దాన్ని నోట కరుచుకుని, పదేళ్ల వయసు మర్చిపోయి, పెరడంతా చిందులు తొక్కింది. డ్రైవరు మొహం తుడుచుకుంటూ గేటు వైపు తిరిగాడు.

మేమిద్దరం గొయ్యి అంచున కూలబడ్డాం. ఆయన నా వైపు చూడకుండా అడిగారు.

"లోపలికి వినిపించిందా?"

"ఏది?"

"వాడి అరుపు. నేను రావడం ఆలస్యమైనప్పుడు... వాడు దూరం వెళ్లినప్పుడు. వినిపించిందా?"

మూడు నెలలుగా ఆయన అన్నం కంచంలో కెలుకుతున్నది ఈ ప్రశ్నేనని నాకు అప్పుడు తెలిసింది. కొంగుతో చెవిలో మట్టి తుడుచుకున్నాను.

"లేదండీ. పైన మట్టి పడ్డాక చీమ చిటుక్కుమన్నది కూడా తెలీలేదు. మీరొచ్చి తలుపు తీసేదాకా నాకేం వినిపించలేదు."

ఆయన ఇటు తిరిగి నా కళ్లలోకి చూశారు. "నిజంగా?"

"నేనెప్పుడైనా మీకు అబద్ధం చెప్పానా?"

"లేదు" అన్నారు. ఊపిరి వదిలారు. దొర వచ్చి బంతిని ఆయన పాదాల మీద పడేసింది. ఆయన దాని తల నిమిరి, బంతి తీసి విసిరారు.

వాడు నా వంగ నారు తొక్కుకుంటూనే పరిగెత్తాడు.