పెంకుల్లేని గొయ్యి

కోర్టు గదిలోకి గోదారి వస్తోంది. చప్పుడు లేకుండా గుమ్మం కింద నుంచి, నున్నటి రాతి నేల మీద ఎర్రగా పాకుతోంది, ఎవరూ లేచి వెళ్ళడం లేదు. ఎత్తయిన బల్ల వెనక పదిహేను కుర్చీలు. పద్నాలుగింట్లో ముఖాలు తెలియని నల్లకోట్ల వాళ్ళు, చివరి దాంట్లో సోమయాజులు. ఆయన పోయి మూడేళ్ళయిందని అమ్మిరాజుకి తెలుసు, పేపర్లో వచ్చిన ఫోటో కత్తిరించి దూలానికి అంటించింది తనే. అయినా ఆ మనిషి నల్లగౌను మోకాళ్ళ దాకా ఎత్తిపట్టుకుని, లంకలో రేవు దాటేవాడిలా కూర్చుని ఉండటం అతనికి వింతగా లేదు. బెంగల్లా ఒకటే, తన చేతులు ఎక్కడ దాచుకోవాలో తెలియడం లేదు.

"సాక్షి అమ్మిరాజు!" అని ఎవరో పిలుస్తారు.

"ఆయ్, ఉన్నానండి."

"అండీ ఏంట్రా?" అంటాడు సోమయాజులు. "మూడో క్లాసులో నా పలక పగలగొట్టినవాడివి."

"అది నువ్వే జారవిడిచావు."

"ఆ తగువింకా తేలలేదులే. కూర్చో."

బోను ఉండాల్సిన చోట వాళ్ళ బడి బెంచీ ఉంది, ఒక కాలు పొట్టిది. కూర్చుంటే నీళ్ళలోకి ఒరుగుతోంది.

బల్ల మీద సోమయాజులు రాసిన మొదటి పుస్తకం తెరిచి ఉంది. ఏ పేజీయో చూడకుండానే అమ్మిరాజుకి తెలుసు. లంకల్లో ఏటా వరదకి గట్టురాళ్ళు కొట్టుకుపోతాయి, అందుకని రాయి పాతేముందు గొయ్యి తీసి బొగ్గులు పోస్తారు, రెండు పొలాల వాళ్ళూ కలిసి ఒక కుండ పగలగొట్టి చెరో పెంకూ వేస్తారు, ఆ పైన రాయి. రాయి కదిలినా బొగ్గు కుళ్ళదు, పెంకు అరగదు. నలభై ఆరేళ్ళ కిందట పెద్ద వరద తగ్గాక అమ్మిరాజు కొట్టుకుపోయిన గట్టురాయిని పక్కనున్న వరహాలమ్మ చేలోకి ఆరు బారలు జరిపి పాతాడు. మొగుడు పోయి మైలలో ఉన్న మనిషిని కుండ పగలగొట్టడానికి ఎలా పిలుస్తామని తనకి తనే చెప్పుకుని, ఒక్కడే వెళ్ళి ఆ గొయ్యిలో పొయ్యిబొగ్గులు మాత్రం పోసి వచ్చాడు. ఆ వేసవిలోనే సోమయాజులు నదుల సరిహద్దుల మీద ఏదో రాస్తున్నానంటూ పట్నం నుంచి వచ్చాడు. అమ్మిరాజు ఆ రాయి కిందే తవ్వి చూపించాడు. అది పుస్తకంలో ఒక అధ్యాయమైంది, ఆ అధ్యాయంతో ఉద్యోగం వచ్చింది, ఆ ఉద్యోగం ఎన్నో దేశాలు తిప్పి చివరికి దేశాల తగువులు తీర్చే ఈ కుర్చీ దాకా తెచ్చింది.

ఇప్పుడు వరహాలమ్మ మనవడు గట్టు కొలిపించమని అర్జీ పెట్టాడు. ఈ మధ్యాహ్నమే సర్వేయరు వస్తాడు. అమ్మిరాజు కొడుకు తాతాజీ ఆ పుస్తకమే సాక్ష్యంగా చూపిస్తాడు.

"బొగ్గులు చూపించావు, సరే. పెంకులేవిరా?"

అమ్మిరాజు గుప్పిట విప్పుతాడు. పొద్దున్నే రాయి కింద పాతి వచ్చిన పెంకులు మళ్ళీ చేతిలోకి ఎలా వచ్చాయో!

"ఇవిగోండి. రెండిళ్ళవీని."

సోమయాజులు ఒకటి తీసుకుని ముక్కు దగ్గర పెట్టుకుంటాడు. "నలభై ఆరేళ్ళు మట్టిలో ఉండీ చింతకాయ పచ్చడి వాసన కొడుతోందే! మీ ఆవిడ చేతిదేనా?"

పద్నాలుగు మందీ తలలు వంచి అదే రాసుకుంటారు. ఆ రాతకే కాబోలు, లంక గట్టు కోసుకుపోయినట్టు బల్ల ఒక కొస నుంచి ముద్దలు ముద్దలుగా విరిగి నీళ్ళలో పడుతోంది, ఒక్కో కుర్చీ మనిషితో సహా మునిగిపోతోంది.

"నీకెప్పుడు తెలిసింది?" అంటాడు అమ్మిరాజు.

"ఆ రోజే. నువ్వు మజ్జిగ తేవడానికి వెళితే గొయ్యిలో మోచేతి దాకా చెయ్యి పెట్టి వెతికాను. ఒక్క పెంకు లేదు."

"మరి రాశావే!"

"రాశాను. ఆ అధ్యాయం లేకపోతే నా చేతిలో ఇంకేముందిరా అప్పుడు? ఆ తర్వాత ఎన్ని దేశాల వాళ్ళొచ్చినా, రాయిని చూడకండి, కింద తవ్వండి అని తీర్పులు రాశాను. మన గొయ్యి మాత్రం మళ్ళీ తవ్వమనలేదు."

"ఇప్పుడు దిద్దు. పెన్నుందిగా."

"చచ్చినవాడి దిద్దుబాటు ఏ కోర్టులో చెల్లుతుందిరా? సాక్షివి నువ్వు మిగిలావు." నీళ్ళు ఆయన నడుం దాకా వచ్చాయి. "పెంకులున్న పాత గొయ్యి ఏం చేశావు?"

"రాయే కొట్టుకుపోయింది, గొయ్యి ఎక్కడికి పోతుంది? దాని మీద కొబ్బరిమొక్క వేశాను."

"కాసిందా?"

"బాగానే కాస్తోంది." ఏడుపు వస్తోంది అమ్మిరాజుకి. "చెబితే తాతాజీ నా మొహం చూస్తాడా? నీ పేరు కూడా పోతుంది కదరా!"

"దూలానికి అంటించావుగా, చాల్లే అది." చివరి కుర్చీ కదులుతోంది. "ఒరే, చేతులేవీ? చేతులు చూపించు..."

"చేతులు కడుక్కోండి, సర్వేయరొచ్చాడు!"

మిట్టమధ్యాహ్నం. నులకమంచం పక్కన భార్య పల్లాలమ్మ చెంబుతో నిలబడి ఉంది. "అన్నం తిని అలాగే పడుకున్నారనుకున్నాను, తిననే లేదు. అవునూ, పెరట్లో పచ్చడి కుండ ఏమైంది? పొద్దుట్నుంచీ వెతుకుతున్నాను."

అమ్మిరాజు చేతులు చూసుకున్నాడు. గోళ్ళ నిండా తడిమన్ను, బొగ్గుపొడి. వేళ్ళు ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. చింతకాయ పులుపు.

"నీళ్ళు ఉండనీ," అని లేచి చేలోకి నడిచాడు.

రాయి దగ్గర సర్వేయరు, వరహాలమ్మ మనవడు, పుస్తకం చంకలో పెట్టుకున్న తాతాజీ. రాయికి ఆరు బారలు ఇవతలే, కొబ్బరిచెట్టు దగ్గర, అమ్మిరాజు ఆగిపోయాడు.

"అక్కడ నిలబడ్డావేం నాన్నా, ఇటు రా!" అని కేకేశాడు తాతాజీ.

"నువ్వే ఇటు రా," అన్నాడు అమ్మిరాజు. "గునపం కూడా పట్రా. పెంకులు ఇక్కడున్నాయి."