చల్లారిన పొయ్యి

ఇనుప పీపాను పొయ్యిగా మలిచి, “సాయంత్రాలు రొట్టెలు కాల్చి అమ్ముదాం” అన్న భర్త జ్వరంతో కన్నుమూసినప్పటి నుండి ఉనైసి ఆ పొయ్యిని ముట్టలేదు. పగలు బడిలో వంట చేస్తుంది. ఆ జీతం పిల్లలకు చాలదు. అయినా ఫిజీ పల్లెలో బంధువు చేయి చాచితే లేదనకూడదు. ఊరంతా బంధువులే. ధర అడిగితే మర్యాద పోతుంది, ఊరికే ఇస్తే పిండి మిగలదు. ఈ భయమే ఆమె చేతులను కట్టివేసింది.

ఆమె సంతాపపు నల్లబట్టలు విడిచిన మరునాడు ఆడపడుచు మకెరెటా వచ్చింది.

“ఏం వదినా, మా అన్న పొయ్యిని పిల్లులకు పడకగా ఇచ్చేశావా?”

“వెలిగిస్తే ముందు చేయి చాచేది నువ్వేగా!”

“చాచనా మరి? రేపే వెలిగించు. మొదటి రొట్టె నాదే.”

ఉనైసి నవ్వబోయి ఏడ్చింది. పొయ్యిలో నిజంగానే పిల్లి పడుకుని ఉంది. భర్త కోరికను తానే అలా వదిలేసినట్లనిపించింది.

మరునాటి సాయంత్రం దైవాన్ని ప్రార్థించి నిప్పు రాజేసింది. కమ్మని వాసనకు బంధువులంతా వాకిట చేరారు. అందరికన్నా ముందు అడిగే హక్కు చనిపోయినవాని చెల్లెలిదే. మకెరెటా రొట్టె అందుకొని, అందరూ చూస్తుండగా బల్లమీద డబ్బు పెట్టింది.

“ఇదేంటే?” అంది ఉనైసి.

“ఊరికే తింటే వారానికే ఈ పొయ్యి చల్లారిపోతుంది. మా అన్నను రెండోసారి సమాధి చేయమంటావా?”

వెనుకనున్నవారు జేబులు తడుముకున్నారు. ఉనైసి కళ్ళు తుడుచుకొని మరో వాయికి పిండి కలపసాగింది.