మెకానిక్ మోసగాడైతే బాగుండు

బ్రేకు పెడల్ నేలకు ఆనింది. కారు ఆగలేదు.

చిట్టి కాలు తీసి మళ్లీ తొక్కింది. బురదలో దిగబడినట్టు పెడల్ మెత్తగా లోపలికి పోయింది. ముందంతా ఏటవాలు రోడ్డు. కింద మలుపు. మలుపులో బస్టాపు, దాని నిండా ఆఫీసులకు వెళ్లే జనం.

హారన్ మీద అరచెయ్యి పెట్టి నొక్కేసింది. గేరు తగ్గిస్తే ఇంజను గావుకేక పెట్టింది. హ్యాండ్ బ్రేకు లాగితే కారు వెనక భాగం పక్కకు ఈడ్చుకుపోయింది. ప్రాణమంతా కాల్లోకి తెచ్చుకుని మళ్లీ తొక్కితే, ఎక్కడో ఒక చక్రం కాస్త పట్టింది. ఆ కాస్తలోనే ఎడమ పక్కన ఇసుక కుప్ప కనిపించింది. ఎవరో ఇల్లు కట్టుకోవడానికి పోయించుకున్నది. స్టీరింగ్ అటు తిప్పేసి కళ్లు మూసుకుంది.

తెరిచేసరికి ముందు అద్దం సగం దాకా ఇసుక. ఒంటి మీద గీత కూడా లేదు. కాలు మాత్రం ఇంకా బ్రేకునే తొక్కుతోంది, తీయమన్నా తీయడం లేదు.

మలుపు దగ్గరున్న గ్యారేజీ మెకానిక్ తాడు కట్టి కారును లాక్కెళ్లాడు. నడివయసు మనిషి. మాటకు ముందు ఒక నవ్వు నవ్వడం అలవాటు.

"ఇల్లు కట్టుకునేవాళ్లకి దండం పెట్టుకోండి మేడమ్. వాళ్లు ఇసుకకి బదులు కంకర పోయించి ఉంటే మనం ఇలా మాట్లాడుకునేవాళ్లం కాదు."

ముందు చక్రాలు రెండూ విప్పి చూశాక మాత్రం నవ్వలేదు. చేతులు తుడుచుకుని ఒక అంకె చెప్పాడు. ఎడమ చక్రం దగ్గర తెగి వేలాడుతున్న బ్రేకు పైపును చిట్టి వంగి చూసింది.

"అంతా? ఒక్క పైపు తెగితేనా?"

"రెండు పైపులు మేడమ్. రెండూ మార్చాలి. బ్రేకు ఆయిల్ మొత్తం కొత్తది పొయ్యాలి. బంపరు సంగతి తర్వాత చూద్దాం."

"కారిపోయింది ఎడమ పక్కేగా. కుడి పక్కది దేనికి?"

మెకానిక్ చుట్టూ చూసి గొంతు తగ్గించాడు. "అదీ తెగింది కాబట్టి. కాకపోతే సగమే. మీరు ఇంకోసారి గట్టిగా తొక్కి ఉంటే అదీ పోయేది. ఇవి అరిగిపోయినవి కావు మేడమ్. ఎవరో కోశారు."

బేరం తెగకపోతే బెదిరించే మెకానిక్కులను చిట్టి చాలామందిని చూసింది. 'ఇలాగే వదిలేస్తే ఇంజను పోతుంది' అంటారు, 'దారిలో ఆగిపోతారు' అంటారు. కోశారనడం మాత్రం ఇదే మొదలు. ఇతను చెప్పే రేటు అబద్ధమైతే, ఇదంతా ఎక్కువ గుంజడానికి అల్లిన కథ. రేటు నిజమైతే, తనను ఎవరో చంపాలని చూశారు. ఈ మెకానిక్ మోసగాడైతే బాగుండని మనసారా కోరుకుంది.

"పాత పైపులు నా చేతికివ్వు అన్నా."

ఆమె పని సిమెంటు పరీక్షల ల్యాబులో. కట్టడాల దగ్గర నుంచి వచ్చిన కాంక్రీటు దిమ్మల్ని మరలో పెట్టి నలిపి, అవి ఎలా పగిలాయో చూసి చెప్పాలి. పాతబడి పగిలినదానికీ దెబ్బకు పగిలినదానికీ తేడా ఆమెకు కంటితోనే తెలుస్తుంది. పైపుల్ని వెలుతురులోకి తీసుకెళ్లి వంచి చూసింది. పాత రబ్బరైతే చర్మం ముడతలు పడ్డట్టు చుట్టూ సన్నటి నెర్రెలు ఉండాలి. ఒక్కటీ లేదు. ఎడమదాని అంచు బ్లేడు పెట్టినట్టు నున్నగా ఉంది. కుడిదానిలో అదే నున్నటి గాటు సగం దాకా వచ్చి ఆగిపోయింది.

మెకానిక్ మోసగాడు కాదు.

ఎవరు? ఆలోచించడానికి ఎక్కువ పనిలేదు. కొత్తగా కడుతున్న ఆస్పత్రి స్తంభాల నుంచి వచ్చిన దిమ్మలు నిన్న మరలో పెట్టగానే బిస్కెట్లలా పొడైపోయాయి. పనులు ఆపించమని పెద్దాఫీసులో చెప్పడానికే ఈ ఉదయం బయల్దేరింది. ఆ కట్టడం కాంట్రాక్టరుకు ఇది ఎలాగో తెలిసిపోయి ఉంటుంది. అతని మనుషులు ఇప్పుడు కూడా గమనిస్తున్నారేమో! ఎదుటి రోడ్డు మీద ఆగిన ప్రతి బండీ తన కోసమే ఆగినట్టుంది.

"ఈ పైపుల సంగతి ఎవరితోనూ అనకు అన్నా" అంది. వాటిని పాత పేపర్లో చుట్టి హ్యాండ్‌బ్యాగులో పెట్టుకుంది. మెకానిక్ చక్రాలు మళ్లీ బిగించి కారును షెడ్డులోకి తోశాడు. చిట్టి అక్కకు ఫోను చేసింది.

"బ్రేకులు పోయాయక్కా. నాకేం కాలేదు. మలుపు దగ్గర గ్యారేజీలో ఉన్నా. చాలా అడుగుతున్నాడు."

"అయ్యో తల్లీ! ఉండు, మీ బావని తీసుకుని వస్తున్నా."

ఆ మాట వినగానే సగం ధైర్యం వచ్చింది. ఆ ఇంట్లో కింద అక్కా బావా, పైన చిట్టి. ఏ వస్తువు కొన్నా, ఏది బాగుచేయించినా ధర ముందు బావ చెవిన పడాల్సిందే. పేరే బేరాల బావ. ఒకసారి పళ్ల డాక్టరు దగ్గర కుర్చీలో నోరు తెరుచుకుని కూర్చునే, "రెండు పీకుతున్నారుగా, ఒకటి ఊరికే పీకండి" అన్నాడు. సిమెంటు వ్యాపారంలో పైకొచ్చింది ఆ నోటితోనే అని అక్క అంటుంది.

అక్కతో పాటు వచ్చిన బావ కారు దిగుతూనే చిట్టి భుజం తట్టాడు. "ఏం మరదలా, బాగా భయపడ్డావా? పద, కారెక్కు. ఇంటికెళ్దాం. వీడి సంగతి నేను చూస్తా." తర్వాత మెకానిక్ వైపు తిరిగాడు. "ఏం మేస్త్రీ, ఆడపిల్ల కదా అని నోటికొచ్చినంత చెప్పావంట?"

మెకానిక్ అదే అంకె మళ్లీ చెప్పాడు. "బ్రేకుల పని సార్" అని మాత్రం అన్నాడు.

బావ ముఖం జేవురించింది. ఎవరైనా ధర చెబితే అతనికి ఒళ్లు ఆగదు. "బ్రేకుల పనికి అంతా! లెక్క నేను చెప్తా విను. ఎడమది పూర్తిగా తెగింది, దానికి కొత్తది వెయ్, ఒప్పుకుంటా. కుడిది సగమేగా తెగింది! సగం తెగినదానికి నిండు ధర ఎలా వేస్తావయ్యా?"

మెకానిక్ చిట్టి వైపు చూశాడు. చిట్టి అతని వైపు చూడలేదు. షెడ్డులో నాలుగు చక్రాల మీద నిలబడ్డ కారు వైపు చూసింది. తర్వాత తన భుజానికున్న హ్యాండ్‌బ్యాగు వైపు చూసింది.

నిన్న రాత్రి భోజనాల దగ్గర దిమ్మలు బిస్కెట్లలా పొడయ్యాయని ఆమె నవ్వుతూ చెబితే బావ ముద్ద నోటి దగ్గరే ఆపేశాడు. 'పెద్దాఫీసులో ఎప్పుడు చెప్తావు?' అని ఒక్కటే అడిగాడు. 'పొద్దున్నే బావా' అంది తను.

"బావా," అంది. "కుడిది సగమే తెగిందని నీకెవరు చెప్పారు?"

బావ మెకానిక్ వైపు ఒకసారి, అక్క వైపు ఒకసారి చూశాడు.

"నువ్వే కదా, ఫోన్లో."

"పైపు అనే మాటే నేను అనలేదు."

"అయితే ఇతనే అన్నాడు. ఎవరో ఒకరు. ఇప్పుడదా ముఖ్యం?" బావ నవ్వబోయాడు, నవ్వు రాలేదు. చెయ్యి చాచాడు. "పాత పైపులు బ్యాగులో ఉన్నాయా? ఇలా ఇవ్వు. ఇంకో చోట చూపిద్దాం. పద చిట్టీ, కారెక్కు."

చిట్టి బ్యాగును రెండు చేతులా కరుచుకుంది. బావ వేళ్లు దాని పట్టీ మీద పడ్డాయి, బిగుసుకున్నాయి. ఇన్నేళ్లలో ఆ చేతులంటే ఆమె ఎప్పుడూ భయపడలేదు. మెకానిక్ ఇద్దరి మధ్యకీ వచ్చి నిలబడ్డాడు. ఒక చేతిలో పెద్ద పానా, ఇంకో చేతిలో ఫోను.

"పోలీసులు లైన్లో ఉన్నారు సార్, సంగతి చెప్పాను. బ్యాగు వదలండి."

ఫోన్లోంచి ఎవరిదో నిద్ర తీరని గొంతు వినిపించింది. "చెప్పండి. బ్రేకులు కోశారంటున్నారు, సరే. ఎవరి మీదైనా అనుమానం ఉందా?"

చిట్టి నోరు తెరిచింది. అక్క ముఖం చూసి ఆగింది.

అక్క భర్త వైపే చూస్తోంది, ఎవరో కొత్త మనిషిని చూస్తున్నట్టు. "తెల్లారి చెత్తబుట్ట బయట పెడదామని దిగాను," అంది మెల్లగా. "దీని కారు కింద పడుకుని ఉన్నారు మీరు. నన్ను చూసి గబుక్కున లేచారు. తాళాలు పడిపోయాయి, వెతుకుతున్నా అన్నారు. తాళాలు నా కొంగుకే ఉన్నాయి. పోన్లే, నిద్రమత్తు అనుకున్నా."

"నోరు మూసుకో. నీకేం తెలుసు?"

"ఆ ఆస్పత్రికి సిమెంటు పంపింది మీరేనని తెలుసు. దీనికి చెప్పొద్దని నా దగ్గర ఒట్టు వేయించుకున్నారుగా! నేను దిగకపోయుంటే రెండోది కూడా పూర్తిగా కోసేవారు."

బావ ఒక అడుగు ముందుకు వేశాడు. పానా పైకి లేచింది. అతను ఆగిపోయాడు.

"హలో?" అంది ఫోను. "ఉన్నారా? అనుమానం ఎవరి మీద?"

అక్క మెకానిక్ చేతిలోంచి ఫోను తీసుకుంది.

"అనుమానం కాదండీ," అంది. "మా ఆయన. మా చెల్లెలి కారు బ్రేకులు కోసింది మా ఆయనే."