ఎర్రగా వచ్చిన పదకొండు

ఆ ఇంటి తోడికోడళ్ళిద్దరిదీ ఒకే డయాలిసిస్ సెంటర్లో ఉద్యోగం. చిన్నామె ముందు కౌంటర్లో కూర్చుని పేషెంట్లకు టైములు కేటాయిస్తుంది. పెద్దామె కూడా ఏడేళ్ళు ఆ కుర్చీలోనే కూర్చుంది. నలభై దాటాక పట్టుబట్టి ప్రోగ్రామింగ్ నేర్చుకుని, సెంటర్ ప్రోగ్రాంలు రాసే వెనక గదిలోకి మారింది. "ఈ వయసులో నీకెందుకమ్మా" అన్నవాళ్ళ నోళ్ళు మూతపడ్డాయి గానీ, వెనక గదివాళ్ళు మాత్రం ఆమెను ఇంకా కౌంటర్ మనిషిలాగే చూసేవారు.

ఒక బుధవారం పొద్దున్నే ఒక ముసలి టైలర్ దుప్పటి చంకలో పెట్టుకుని వచ్చాడు. మంగళవారం టైమును బుధవారానికి మార్చమని ఆయనే అడిగాడు. తీరా చూస్తే బుధవారం జాబితాలో ఆయన పేరు లేదు. మంగళవారం చోటేమో ఎప్పుడో ఇంకొకరికి వెళ్ళిపోయింది. రెంటికీ చెడ్డ రేవడి అయ్యాడు పాపం. నర్సులు కిందామీదా పడి సాయంత్రానికి ఒక మెషీన్ ఖాళీ చేయించబట్టి సరిపోయింది. నెలలో ఇలా జరగడం ఇది మూడోసారి. మేనేజర్ చిన్నామెను పిలిచి మెమో చేతిలో పెట్టాడు. చూసుకోకుండా బటన్లు నొక్కుతోందట.

ఇంటికొచ్చాక చిన్నామె కూరగాయలు ముందేసుకుని కత్తి కూడా ముట్టుకోలేదు.

"ఒట్టు అక్కా! 'మార్పు పూర్తయింది' అని ఆకుపచ్చగా వచ్చింది. నా కళ్ళతో చూశాను."

"ఏ మెషీన్‌కి మార్చావు?"

"నాలుగో నంబరుకి. అది రిపేర్లో ఉందని తర్వాత తెలిసింది. అలాంటప్పుడు కుదరదని చెప్పాలి కదా అది!"

పెద్దామెకు ఎక్కడో తట్టింది. కత్తి తనే అందుకుని, "ఏడవకు. రేపు చూస్తాను" అంది.

మర్నాడు ఆమె సీనియర్ దగ్గరికి వెళ్ళింది. టైములు కేటాయించే ప్రోగ్రాం మొత్తం ఆయనే కట్టాడు కాబట్టి అందరూ ఆయన్ని మేస్త్రి అంటారు. విషయం వినగానే ఆయన నవ్వాడు.

"పాత టైము వదలడం, కొత్త టైము పట్టడం, రెండూ ఒకే ట్రాన్సాక్షన్లో ఉన్నాయమ్మా. జరిగితే రెండూ జరుగుతాయి, లేకపోతే రెండూ జరగవు. మధ్యలో ఎర్రర్ వస్తే ప్రోగ్రాంకి పునాదిలా ఉన్న ఫ్రేమ్‌వర్కే అంతా వెనక్కి తిప్పేస్తుంది. ఇదిగో, దానికోసం రాసిన లైను కూడా ఉంది."

లైను ఉన్నమాట నిజమే. పెద్దామె తన సీట్లోకి వెళ్ళి, ఆ లైను కింద ఉన్నదంతా ఒక్కో అక్షరం చదవడం మొదలుపెట్టింది. మధ్యాహ్నానికి దొంగ దొరికాడు. మెషీన్ రిపేర్లో ఉంటే ఎర్రర్ వస్తోంది, నిజమే. కానీ ట్రాన్సాక్షన్ లోపలే నాలుగు లైన్లు దాన్ని పట్టుకుని, జరిగినవి నమోదయ్యే లాగ్‌లో ఒక ముక్క రాసి, కిక్కురుమనకుండా నొక్కేస్తున్నాయి. ఎర్రర్ గడప దాటితే కదా ఫ్రేమ్‌వర్క్‌కి తెలిసేది! అంతా సవ్యంగా ఉందనుకుని అది కమిట్ చేసి, జరిగినంతవరకు ఖాయం చేసేస్తోంది. పాత టైము పోతోంది, కొత్తది రావడం లేదు, పైగా ఆకుపచ్చ సందేశం ఒకటి.

నోటిమాటతో చెబితే నమ్మరని ఆమెకు తెలుసు. టెస్ట్ సర్వర్లో ఒక ఉత్తుత్తి పేషెంట్‌ను పెట్టి, నాలుగో మెషీన్‌ను రిపేర్లో వేసి, మేస్త్రినీ మేనేజర్‌నూ పిలిచి వాళ్ళ ఎదుటే బటన్ నొక్కింది. తెర ఆకుపచ్చగా వెలిగింది. జాబితా తెరిస్తే పేషెంట్ ఏ రోజులోనూ లేడు.

"మాటిమాటికీ తెర మీద ఎర్రర్ ఎర్రగా వస్తోందని ఒకప్పుడు అందరూ గోల చేస్తే, ఆ నాలుగు లైన్లు నేనే పెట్టాను" అన్నాడు మేస్త్రి మెల్లగా. "తప్పు నాది."

ఎర్రర్‌ను పట్టుకునే లైన్లను ఆమె ట్రాన్సాక్షన్ బయటికి జరిపింది. ఇక ఎర్రర్ వస్తే మార్పు మొత్తం వెనక్కి తిరిగి, తెర ఆ సంగతి ఎర్రగా చెబుతుంది. పేషెంట్‌కు టైము మారిందని వెళ్ళే మెసేజ్ కూడా కమిట్ అయ్యాకే కదిలేలా మార్చింది. శుక్రవారం కొత్త ప్రోగ్రాం అమల్లోకి వచ్చింది.

సోమవారం పొద్దున, డయాలిసిస్ మెషీన్లకు నీళ్ళు శుద్ధి చేసి పంపే ప్లాంట్ చెడిపోయింది. ముప్పై ఏడు మందిని వేరే రోజులకు మార్చాలి. కౌంటర్ ముందు జనం, ఎడతెగని ఫోన్లు. ఒకపక్క చిన్నామె టైములు మారుస్తుంటే, ఇంకోపక్క టెక్నీషియన్ ఆ నీళ్ళతో దెబ్బతిన్న ఒక్కో మెషీన్‌నూ రిపేర్లో వేస్తున్నాడు. పదకొండు మార్పులు ఎర్రగా తిరిగొచ్చాయి: 'కుదరలేదు, పాత టైము అలాగే ఉంది.' పాత ప్రోగ్రామే ఉంటే ఆ పదకొండు మందీ గల్లంతయ్యేవారు. ఇప్పుడు పేర్లన్నీ ఎక్కడివక్కడే ఉన్నాయి కాబట్టి, చిన్నామె ఒక్కొక్కరినీ వెతికి ఇంకో మెషీన్‌కి మార్చింది. పన్నెండు కొట్టేసరికి పని పూర్తయింది.

మేనేజర్ కౌంటర్ దగ్గరికి వచ్చి, అందరూ వింటుండగా, "ఆ మెమో వెనక్కి తీసుకుంటున్నానమ్మా. పొరపాటు మాది" అన్నాడు. వెనక గదిలో మేస్త్రి తన కొత్త కోడ్ తెచ్చి పెద్దామె ముందు పెట్టాడు. "ఇకమీదట నువ్వు చదివాకే బయటికి పోతుంది."

ఆమె జవాబు చెప్పేలోపే తలుపు తోసుకుని చిన్నామె వచ్చింది. జుట్టు చెదిరిపోయి ఉంది, గొంతు బొంగురుపోయింది, మొహం మాత్రం వెలిగిపోతోంది.

"ముప్పై ఏడుకి ముప్పై ఏడూ అక్కా! ఒక్కరి పేరు కూడా పోలేదు!"

పెద్దామె కుర్చీ వెనక్కి నెట్టి లేచి, గదిలో అందరూ చూస్తుండగానే తోడికోడలిని గట్టిగా కావలించుకుంది.